75 రూబుళ్ల నోటు ఎందుకు పోయింది?

సంపాదకులకు నమస్కారం.

రష్యా రాణి రెండో కేథరిన్ తెచ్చిన తొలి నోట్ల మీద మీ ఆదివారం అనుబంధంలో వ్యాసం చదివాను. టర్కీతో యుద్ధం ఖర్చుకే నోట్లు వేశారని రాశారు. నిజమే, కానీ 32 ఏళ్లు క్యాష్ కౌంటర్లో కూర్చున్నవాణ్ణి, నాకు ముందు తట్టేది బరువు. రూబులుకి వంద కోపెక్కులు; అప్పటి రాగి నాణేల్లో ఐదు కోపెక్కుల బిళ్ల ఒక్కటే 50 గ్రాముల పైన ఉండేది. వంద రూబుళ్లంటే రెండు వేల బిళ్లలు, వంద కిలోల పైమాటే! లెక్కపెట్టే గుమాస్తా నడుము సంగతి ఎవరూ రాయరు.

ఆ నోటు డిజైన్ పటిష్ఠమైనదని మెచ్చుకున్నారు. అక్కడే నాకు పేచీ. రాణి బొమ్మ లేని తెల్ల కాగితం, ఉబ్బెత్తుగా ఒత్తిన రెండు ముద్రలు, నీటిగుర్తులు, అధికారుల చేతి సంతకాలు... అన్నీ బాగానే ఉన్నాయి. కానీ 1769లో వేసినవి 25, 50, 75, 100 రూబుళ్లు. రష్యన్‌లో 25ని 'ద్వాద్సత్ ప్యాత్' అంటారు, 75ని 'సెమ్‌దెస్యత్ ప్యాత్' అంటారు. వెనక మాట ఒకటే. ముందు మాట గీకి మార్చేస్తే 25 కాస్తా 75! 1771 కల్లా 75 నోటు ఆపేయాల్సి వచ్చింది.

నా సర్వీసులోనూ ఇలాంటిదే జరిగింది. చెక్కు మీద 'ఐదు వేలు' ముందు కాస్త ఖాళీ వదిలారు. ఎవరో 'ఇరవై' చేర్చి, అంకెల్లో 2 పెట్టి తెచ్చారు. సిరా రంగు తేడాగా ఉండబట్టి పట్టుకున్నాను గానీ, ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు.

1786లో వేసిన చిన్న నోట్లకు మాత్రం రంగు కాగితం వాడారు. ఐదుకి నీలం, పదికి ఎరుపు. క్యాషియర్ కష్టం అప్పటికి అర్థమైనట్టుంది.

నెపోలియన్ 1812లో దొంగనోట్లు వెంటబెట్టుకుని దండెత్తాడని మీ వ్యాసంలో లేదు. వాటిలో కొన్నిటిపై 'ద' ఉండాల్సిన చోట 'ల' పడింది. రష్యన్ లిపిలో ఆ రెండూ చూడ్డానికి దగ్గరగా ఉంటాయి. సంతకాలు కూడా చేత్తో పెట్టినవి కావు, అచ్చువేసినవే.

ఇంకొక్క మాట. మీరు వేసిన నోటు ఫొటో తపాలా బిళ్లంత ఉంది. భూతద్దం పెట్టినా సంతకం కనపడలేదు. ఈసారి కాస్త పెద్దదిగా వేయండి.

– రిటైర్డ్ హెడ్ క్యాషియర్, తెనాలి