కోఠీలో దిగి మూసీ దాటితే

చిరంజీవి స్నిగ్ధకు అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం బాగున్నాం. నాన్న మోకాలు కాస్త నయం, కానీ మెట్లు అనగానే మొహం మాడ్చుకుంటున్నాడు. సంక్రాంతికి నీతో పాటు పుణె నుంచి ఇద్దరు ఫ్రెండ్స్ వస్తున్నారని, ఒక్క రోజే ఉంటారని, చార్మినార్, ముత్యాలు, బిర్యానీ కాకుండా ఏదైనా చూపించాలని ఫోన్లో అన్నావు కదా. వాట్సాప్‌లో పెడితే గుడ్ మార్నింగ్ పువ్వుల కింద పడి కనపడకుండా పోతుంది. అందుకే కాగితం మీద రాస్తున్నా. మీ లత చిన్నమ్మా, నేనూ మొన్న శనివారం వెళ్ళి అంతా చూసొచ్చాం. నాన్న రానన్నాడు, పైగా "కోఠీలో చూడ్డానికి ఏముంది, బట్టలు తప్ప" అన్నాడు.

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్లో దిగండి. మలక్‌పేట దాటాక కుడిపక్క, ఎడమపక్క రెండూ చూడమను. నల్లటి నీళ్ళు, తెల్లటి నురగ, ఒడ్డున గడ్డి. అదే మన మూసీ. ఏసీ బోగీలో వాసన రాదు కాబట్టి అందంగానే ఉంటుంది. సాయంత్రం వంతెన మీద నడిచేటప్పుడు అసలు సంగతి ముక్కుకు తెలుస్తుంది.

మొదట రెసిడెన్సీ, అంటే నిజాం దగ్గర ఇంగ్లీషువాళ్ళ ప్రతినిధి (రెసిడెంటు) ఉన్న భవనం. మా రోజుల్లో కోఠీ విమెన్స్ కాలేజీ అనేవాళ్ళం, ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరుతో మహిళా విశ్వవిద్యాలయం. లోపల చదువులు నడుస్తుంటాయి కాబట్టి చూడనిచ్చే వేళలు ముందే కనుక్కోండి. జేమ్స్ కిర్క్‌ప్యాట్రిక్ అనే ఇంగ్లీషు దొర రెసిడెంటుగా ఉన్నప్పుడు, 1800 దాటాక మొదలుపెట్టి కట్టించిన భవనం ఇది. ముందు ఎత్తైన ఆరు స్తంభాలు, మెట్లకు రెండు పక్కలా సింహాలు. పైకప్పు పెచ్చులూడి ఎన్నేళ్ళు పడి ఉందో మాకు తెలుసు. ఇప్పుడు బాగుచేశారు, దర్బారు హాల్లో నిలబడి తలెత్తితే మెడ నొప్పి పుట్టేదాకా దించబుద్ధి కాలేదు.

ఆ కిర్క్‌ప్యాట్రిక్ ఇక్కడి పెద్దింటి పిల్ల ఖైరున్నిసాను పెళ్ళి చేసుకున్నాడు. ఈ కథ గైడ్లందరూ చెప్తారు. ఆమె పర్దాలో ఉండి భవనం ముందు భాగం చూడలేదు కాబట్టి, దాని నమూనా చిన్నది తోటలో కట్టించి చూపించాడని కూడా చెప్తారు. నాకు మాత్రం ఆ తర్వాత జరిగింది మనసులో పట్టుకుంది. 1805లో ఇద్దరు పిల్లల్నీ ఓడెక్కించి ఇంగ్లండు పంపేశారు. పిల్లాడికి ఐదేళ్ళు కూడా సరిగ్గా లేవు, పిల్లకు మూడు. తండ్రి ఆ ఏడాదే కలకత్తాలో పోయాడు. తల్లి వాళ్ళను మళ్ళీ చూడకుండానే చిన్న వయసులో చనిపోయింది. సాహెబ్ బేగం అని పిలుచుకున్న ఆ పిల్ల అక్కడ కిట్టీ అయింది. దాదాపు నలభై ఏళ్ళకు, హైదరాబాదులో అమ్మమ్మ షరఫున్నిసా ఇంకా బతికే ఉందని తెలిసి ఉత్తరం రాసింది. మనవరాలిది ఇంగ్లీషు, అమ్మమ్మది ఫార్సీ. మధ్యలో ఒకరు తర్జుమా చేసి పెట్టాలి. పుణె నుంచి నువ్వు "తిన్నాను, పడుకుంటున్నా" అని మూడు ముక్కల మెసేజ్ పెట్టినప్పుడల్లా తిట్టుకునేదాన్ని, ఇకనుంచి కొంచెం తక్కువ తిడతాను.

గేటు బయటికి వచ్చాక కోఠీ బస్టాపు దగ్గర తుర్రెబాజ్ ఖాన్ స్మారకం ఉంది. 1857 జులై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లాఉద్దీన్ జనాన్ని వెంటేసుకుని ఈ రెసిడెన్సీ మీదికే వచ్చారు. తుర్రెబాజ్ ఖాన్‌ను తర్వాత చంపేశారు, మౌల్వీని అండమాన్ పంపారు. బస్సుల హారన్ల మధ్య దాన్ని ఎవరూ పట్టించుకోరు. మీరైనా ఒక్క నిమిషం ఆగండి.

ఇక అసలు విషయం. నీ ఫ్రెండ్స్‌లో ఒకమ్మాయి మరాఠీ, ఇంకొకమ్మాయి గుజరాతీ అన్నావు. వాళ్ళిద్దరికీ ఇక్కడ పుట్టిల్లు లాంటి గల్లీలున్నాయి. గుజరాతీ గల్లీ, బ్యాంక్ స్ట్రీట్, బడీచౌడీ, సుల్తాన్ బజార్ అన్నీ కాళ్ళ దూరంలోనే. ఇంతమంది ఇక్కడికెందుకు చేరారో చెప్పకుండా "హైదరాబాద్ అంటే అందరూ కలిసిమెలిసి ఉండే ఊరు" అని ఒక్క ముక్కలో తేల్చేయకు. నాకు ఆ మాట వింటే చిరాకు. ఎవరూ కలిసి ఉందామని రాలేదు. పని కోసం, డబ్బు కోసం, భయంతో వచ్చారు. రెసిడెన్సీ చుట్టూ ఉన్న బజార్లలో నిజాం చట్టం కాదు, ఇంగ్లీషువాళ్ళ అధికారం నడిచేది. సాహుకార్లకు అక్కడ సొమ్ము భద్రం అనిపించింది. విలియం పామర్ అని, ఇంగ్లీషు తండ్రికీ ముస్లిం తల్లికీ పుట్టినాయన గుజరాతీ సాహుకారుతో కలిసి 1814లో కంపెనీ పెట్టి నిజాముకే అప్పులిచ్చాడు. వడ్డీ ఎంత పెరిగిందంటే, ఆ బాకీ తీర్చడానికి ఉత్తర సర్కార్ల (కోస్తా జిల్లాల) కోసం ఇంగ్లీషువాళ్ళు ఏటా కట్టే 7 లక్షల పేష్కష్‌ను, అంటే కప్పాన్ని, నిజాం వదులుకోవాల్సి వచ్చింది. గల్లీలో వడ్డీ వ్యాపారం రాజ్యం ఖజానా దాకా పోయింది! 1933లో ఆ బజార్లను నిజాముకు తిరిగిచ్చాకే సుల్తాన్ బజార్ అన్న పేరొచ్చింది.

డబ్బుకే కాదు, సభలు పెట్టుకోవడానికీ అక్కడ కాస్త వీలుండేది. ఆర్యసమాజం 1892లో సుల్తాన్ బజార్లోనే మొదలైంది. మరాఠీవాళ్ళు 1907లో వివేకవర్ధిని బడి పెట్టుకున్నారు. మనవాళ్ళు వాళ్ళకంటే ముందే, 1901 సెప్టెంబర్ 1న, శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషానిలయం పెట్టారు. కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకటరంగారావు దాని వెనకున్న పెద్దలు. ఊళ్ళో తెలుగు పుస్తకాలు ఒక్కచోట దొరికే గ్రంథాలయం అంతకుముందు లేదు. మీ తాతయ్య కాలేజీ రోజుల్లో సాయంత్రాలు అక్కడికి పేపరు చదవడానికి పోయేవాడు. ఆయనకు అదే కాలక్షేపం, ఖర్చు లేనిది.

మేం వెళ్ళేసరికి లోపల నలుగురైదుగురు పెద్దవాళ్ళు, పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలు ఉన్నారు. చిన్నమ్మ ఒక పాత పుస్తకం తీస్తే అట్ట చేతిలోకి వచ్చింది, లోపలి కాగితం పసుపుపచ్చగా మారి అంచులు పొడిపొడిగా రాలుతున్నాయి. గబుక్కున పెట్టేసి నావైపు దొంగచూపు చూసింది. బీరువాలు మాత్రం దుమ్ము లేకుండా ఉన్నాయి, ఎవరో శ్రద్ధగా తుడుస్తున్నారు.

అక్కడినుంచి వివేకవర్ధినికి నడిచి, నీ మరాఠీ ఫ్రెండుకు ఈ సంగతి నవ్వుతూనే చెప్పు. 1921 నవంబర్లో ఆ ఆవరణలోని థియేటర్లో సంఘసంస్కరణ సభ జరిగింది. అధ్యక్షుడు మహర్షి కర్వే, మీ పుణెలో ఆడవాళ్ళ చదువుకు జీవితం ధారపోసినాయన. వేరే భాషల్లో మాట్లాడినవాళ్ళను బుద్ధిగా విన్న సభ, అల్లంపల్లి వెంకటరామారావు అనే వకీలు తెలుగులో మొదలుపెట్టగానే చప్పట్లు, కేకలు, ఈలలు వేసి మాట్లాడనివ్వలేదు. ఆ రాత్రే మనవాళ్ళు కొందరు కూర్చుని ఆంధ్రజనసంఘం పెట్టుకున్నారు. అది పెరిగి పెరిగి ఆంధ్రమహాసభ అయింది, 1930లో జోగిపేటలో మొదటి సభ జరిగింది. తెలంగాణలో తర్వాత వచ్చిన పోరాటాలకు ఈ సభలోని గోల కూడా ఒక మొదలు. ఆడవాళ్ళ చదువు గురించి మాట్లాడుకునే సభలో పక్కింటి భాషను ఎగతాళి చేశారు చూడు, మనుషులంతే. అయినా మర్నాడు పొద్దున్నే అదే గల్లీలో మరాఠీ ఆవిడ దగ్గర మనవాళ్ళు కూరగాయలు బేరమాడారు, పిల్లల్ని అదే వీధిలో ఆడుకోనిచ్చారు. నేను నీ ఫ్రెండ్స్‌కు చూపించమనేది ఇదే. గొడవపడీ ఇల్లు ఖాళీ చేయకపోవడం.

మధ్యాహ్నం తిండికి గోకుల్ చాట్ ఉంది. 2007 ఆగస్టు 25న అక్కడ బాంబు పేలిన సాయంత్రం నువ్వు ఇంటికి వచ్చేదాకా నాకు ప్రాణం లేదు. ఇప్పుడు చేతిలో ప్లేటు పట్టుకుని నిలబడ్డానికి చోటు దొరకదు. మేం మాత్రం పెరుగన్నం డబ్బా తీసుకెళ్ళాం. ఆటో మాట్లాడుకుని అఫ్జల్‌గంజ్ పోయి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో తిన్నాం. దారిలో గౌలిగూడ వస్తుంది. మా చిన్నప్పుడు నల్గొండ బస్సు ఎక్కిన పెద్ద ఇనుప షెడ్డు ఉండేది, 2018లో కూలిపోయింది. అఫ్జల్‌గంజ్ వైపు గురుద్వారా కనపడుతుంది. చందూలాల్ దివాను కాలంలో సిపాయిలుగా వచ్చిన సిక్కుల పిల్లలు, మనవళ్ళు ఇక్కడే ఉండిపోయారు. మన కంటే బాగా దక్కనీ మాట్లాడతారు.

ఆసుపత్రిలో ఎందుకు తిన్నామంటావా? చింతచెట్టు కోసం. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి దాదాపు 15 వేలమంది పోయారు. ఆ నీళ్ళలో సుమారు 150 మంది ఈ చెట్టెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. అమ్జద్ హైదరాబాదీ అనే ఉర్దూ కవి ఇంట్లో ఆయనొక్కడే బయటపడ్డాడు, తల్లి, భార్య, బిడ్డ ఆయన కళ్ళముందే కొట్టుకుపోయారు. ఇప్పుడు ఆ చెట్టు దగ్గర రోగుల తాలూకు మనుషులు క్యారేజీలు విప్పుకుని కూర్చుంటారు. మా పక్కన నారాయణపేట నుంచి వచ్చిన పెద్దామె. మేం తలెత్తి కొమ్మలకేసి చూస్తుంటే "ఏం జూస్తున్నరమ్మా, కాయలున్నయా?" అంది. చిన్నమ్మ వరద కథ చెప్పింది. ఆమె అంతా విని "గింత చెట్టు మీద నూట యాభైమందా? కొమ్మ ఇరగలే?" అంది. నిజమే కదా, నాకూ అప్పుడే అనిపించింది. చెట్టు మొదలు చూస్తే నమ్మబుద్ధవుతుంది, ఇద్దరం చేతులు చాపినా అందలేదు. వెళ్ళేటప్పుడు ఆమె మాకు రెండు సజ్జరొట్టెలు పెట్టింది.

ఆ వరద తర్వాతే ఇంజనీరు విశ్వేశ్వరయ్యను పిలిపించారు. పైన ఉస్మాన్‌సాగర్ 1920కి, హిమాయత్‌సాగర్ 1927కి వచ్చాయి. ఆ ఏళ్ళలోనే ఒడ్డున హైకోర్టు, సిటీ కాలేజీ, ఈ ఆసుపత్రి లేచాయి, మూడింటికీ విన్సెంట్ ఎష్ అనే ఇంగ్లీషాయనే నక్షాలు గీశాడు. నది పూర్తిగా లొంగిందనుకోకు. 2025 సెప్టెంబర్ చివర్లో పెద్ద బస్టాండు ఎంజీబీఎస్‌లోకే నీళ్ళొచ్చి ప్రయాణికులు ఇరుక్కుపోయారు.

నయాపుల్ మీద నడిచి అవతలికి వెళ్ళండి. ముక్కుకు చున్నీ కట్టుకుంటే మంచిది. సాలార్‌జంగ్ మ్యూజియం ఈసారి వదిలేయండి, దానికి రోజంతా కావాలి. మొహర్రంలో పీర్లను నిలిపే బాద్‌షాహీ ఆషుర్ఖానా మాత్రం వదలొద్దు. మహమ్మద్ కులీ కుతుబ్‌షా చార్మినార్ తర్వాత కొన్నేళ్ళకే కట్టించాడు, లోపలి పింగాణీ పలకల పని 1611లో పూర్తయింది. ఔరంగజేబు వచ్చాక దాన్ని బండ్లు నిలిపే చోటుగా వాడారు. గోడ దగ్గరికి వెళ్ళి కింది నుంచి పైకి చూడండి. పై భాగంలో నీలం, ఆవపువ్వు పసుపు రంగుల్లో అసలైన పలకలు, వెలుతురు పడితే తడిగా ఉన్నట్టు మెరుస్తాయి. కిందికొచ్చేసరికి ఆ మెరుపు చచ్చిపోతుంది, అవే డిజైన్లు రంగుతో వేసిన బొమ్మలు. 1908లో నీళ్ళు పలకల్ని పాడుచేస్తే తర్వాత రంగు వేసి సరిపెట్టారు. ఎవరూ చెప్పకపోయినా వరద ఎంతదాకా వచ్చిందో ఆ గోడ చూస్తే తెలిసిపోతుంది. నేను ఆ రోజంతా చూసినవాటిలో ఇదే అన్నిటికంటే ఇష్టం.

లోపల ఆలంలను, అంటే పీర్లను, చూసి చిన్నమ్మ చేతులెత్తి దండం పెట్టింది. మా ఊళ్ళో పీర్ల పండక్కి అలావ (నిప్పుల గుండం) చుట్టూ దూలా ఆడింది మా వాడకట్టు హిందువులే ఎక్కువ. చిన్నమ్మ ఐదేళ్ళప్పుడు జ్వరం తగ్గాలని మా అమ్మ పీరుకు దట్టీ కట్టింది. నీ ఫ్రెండ్స్‌కు ఇదంతా కొత్తగా ఉండొచ్చు, చెప్పులు బయట విడవాలని, తల కప్పుకోవాలని ముందే చెప్పు.

తిరిగొచ్చేటప్పుడు ఓపికుంటే బేగంబజార్. నిజాం అలీఖాన్ బేగం వ్యాపారులకిచ్చిన నేల అది. స్టీలు గిన్నెలు, డ్రైఫ్రూట్స్ హోల్‌సేల్. ఓపిక లేకపోతే నేరుగా ఎంజీబీఎస్ మెట్రో ఎక్కేయండి. పురానాపుల్ 1578 నాటిది, చార్మినార్ కంటే పదమూడేళ్ళు పెద్దది. అయితే అది ఇంకోవైపు, ఒక్క రోజులో కుదరదు.

కాటన్ బట్టలు వేసుకోండి, హీల్స్ వద్దు. పుణె నుంచి వచ్చేటప్పుడు బాకర్‌వాడీ రెండు కిలోలు తీసుకురా, చిన్నమ్మ అప్పుడే తన వాటా అడిగేసింది. నాన్న కూడా "మళ్ళీ ఎప్పుడెళ్తున్నారు" అని అడిగాడు. బట్టల షాపు కోసం కాదంటున్నాడు, చూద్దాం.

ప్రేమతో,
అమ్మ