ఏ పురుగుమందు కొట్టావని డాక్టర్లు అడగాలి

సంపాదకుడు గారికి నమస్కారం.

మిర్చి, పత్తి పొలాల్లో పురుగుమందు కొట్టే కూలీల మనసుకు పట్టే భయం గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా బాబాయి గుంటూరు చుట్టుపక్కల ఊళ్లలో ఇరవై ఏళ్లకు పైగా మందు కొట్టాడు. ముఖానికి తువ్వాలు తప్ప ఒంటికి వేరే అడ్డు ఉండేది కాదు. ట్యాంకు మూత దగ్గర కారి చొక్కా తడిసి వీపుకు అంటుకునేది. ఆ చొక్కాతోనే గట్టు మీద కూర్చుని అన్నం తినేవాడు. ఇప్పుడాయన గుంటూరు బస్సు ఎక్కాలంటే వణికిపోతాడు. గుమ్మంలో తెలియని మనిషి కనిపిస్తే లోపలి గదిలోకి వెళ్లిపోతాడు. పెళ్లికి రమ్మంటే, "మన ఊళ్లో అయితే వస్తాను రా, కొత్త చోటుకు నన్ను లాక్కెళ్లొద్దు" అంటాడు. కొందరు పిరికివాడన్నారు. కొందరు గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. చూసిన డాక్టరు నిద్రమాత్రలు రాశారు. ఏం పని చేశావు, ఏ మందు కొట్టావు అని ఒక్కరూ అడగలేదు.

అడగడానికి కారణం ఉంది. ప్రొఫెనోఫాస్, క్లోరిపైరిఫాస్ లాంటి ఆర్గానోఫాస్ఫేట్ మందులు దెబ్బ కొట్టేది పురుగు నరాల మీదే. నరాల మధ్య కబురు మోసే ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం పని అవగానే విరిగిపోవాలి. దాన్ని విరగ్గొట్టే ఎంజైమును ఈ మందులు కట్టిపడేస్తాయి. అదే రసాయనం, అదే ఎంజైము మన మెదడులోనూ ఉన్నాయి. కొత్త చోట అడుగుపెట్టినప్పుడు హిప్పోక్యాంపస్ అనే భాగంలో ఎసిటైల్‌కోలిన్ పెరిగి మనల్ని అప్రమత్తం చేస్తుంది. భయంతో ముడిపడిన అమిగ్డాలా అనే మెదడు భాగానికీ ఇది దండిగా చేరుతుంది. చుట్టూ చూసుకుని ఫర్వాలేదనుకున్నాక ఆ అలజడి దిగిపోవాలి. దిగకపోతే? 2013లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయం వారు ఎలుకల హిప్పోక్యాంపస్‌లో ఈ ఎంజైమును తగ్గించి చూశారు. ఆ ఎలుకల్లో ఆందోళన, దిగులు పెరిగాయి. తోటి ఎలుకల వల్ల కలిగే ఒత్తిడిని తట్టుకోలేకపోయాయి.

మా బాబాయి భయం మందు వల్లే వచ్చిందని నేను తేల్చేయడం లేదు. తేల్చడానికి ఎవరూ ప్రయత్నించలేదన్నదే నా బాధ. పురుగుమందు తాగి వచ్చినవాళ్లకు అట్రోపిన్ అనే విరుగుడు ఇచ్చి ప్రాణం నిలబెట్టడం మన ఆసుపత్రుల్లో బాగా తెలిసిన పనే. రోజూ కొంచెం కొంచెంగా ఒంటికి ఎక్కించుకునేవాళ్లు మాత్రం ఎవరి లెక్కలోకీ రావడం లేదు.

ఈ మందులు కట్టిపడేసే ఆ ఎంజైము, అంటే కోలినెస్టరేజ్, రక్తంలో ఎంత ఉందో చెప్పే పరీక్ష ఉంది. కాలిఫోర్నియాలో 1974 నుంచి ఇలాంటి మందులు కలిపే, కొట్టే పనివాళ్లకు ముందుగా ఒకసారి, పని నడుస్తుండగా మళ్లీ ఈ పరీక్ష చేస్తున్నారు. ఎర్ర రక్తకణాల్లో ఎంజైము మొదటి పరీక్షలో ఉన్నదానికంటే 30 శాతం పడిపోతే ఆ పని మాన్పిస్తారు. మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో కూలీలకు ఇది ఎందుకు చేయకూడదు? టెన్షన్, నిద్ర పట్టడం లేదు అంటూ వచ్చేవాళ్లను పొలంలో మందు కొడతావా అని అడగడానికైతే పైసా ఖర్చు లేదు. మానసిక సమస్యలకు ప్రభుత్వం ఉచితంగా నడిపే టెలీ మానస్ నంబరు 14416ను పురుగుమందుల దుకాణాల ముందు రాసి పెట్టినా ఎంతోమందికి ఆసరా అవుతుంది.

వచ్చే నెల మా ఊళ్లో మళ్లీ మందు కొట్టడం మొదలవుతుంది. ఈసారి ట్యాంకు ఎత్తుకునేది బాబాయి కొడుకు. ఆలోపే వాడికీ, వాడితో పాటు పనికెళ్లేవాళ్లకీ ఈ రక్తపరీక్ష చేయించాలని జిల్లా వైద్యాధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
గుంటూరు జిల్లా