కలావెవ కట్ట మీద నుంచి

క్యాండీ,
ఆదివారం రాత్రి

బిడ్డా,

అమ్మ పంపిన ఫొటోలు చూసి నవ్వావట. సగం ఫొటోల్లో నాన్న గుడికి వీపు పెట్టి చెరువు వైపు చూస్తున్నాడని. ఏం చెయ్యమంటావు? ముప్పై రెండేళ్ళు ఇరిగేషన్‌లో పనిచేసినవాడికి శ్రీలంక టికెట్లు కొనిచ్చి స్తూపాలు చూసి రమ్మంటే కళ్ళు తూముల మీదికే పోతాయి.

స్తూపాలు చూడలేదని కాదు. అనురాధపురంలో జేతవన స్తూపం 3వ శతాబ్దంలో కట్టినప్పుడు 122 మీటర్ల ఎత్తు ఉండేదట. ఇప్పుడు మిగిలింది 71. ఇటుకలు తొమ్మిది కోట్లకు పైనే అంటే మేస్త్రీల కూలి లెక్క వేసుకుంటూ దాని చుట్టూ తిరిగాను. అమ్మ మాత్రం బోధివృక్షం దగ్గర కూర్చుండిపోయింది. అశోకుడి కూతురు సంఘమిత్ర తెచ్చిన కొమ్మ అని డ్రైవర్ చెప్పగానే, "ఆడపిల్ల సముద్రం దాటి వచ్చి మొక్క నాటింది" అని రెండుసార్లు అంది. ఎవరు గుర్తొచ్చి అందో నీకు వేరే చెప్పాలా?

అక్కడ గడపల ముందు అర్ధచంద్రాకారపు రాళ్ళుంటాయి. వాటి మీద ఏనుగులు, గుర్రాలు, సింహాలు, ఎద్దులు, హంసలు చెక్కారు. ఇలాంటివి మన నాగార్జునకొండలోనూ దొరికాయి. సింహళ భిక్షువుల కోసం అక్కడ ఒక విహారమే ఉండేదని శాసనం కూడా ఉంది. ఆ లోయ ఇప్పుడు సాగర్ నీళ్ళ కింద ఉంది. తవ్వి తీసిన వాటిని కొండ మీదికి చేర్చారనుకో, కానీ ఊరిని ముంచింది మా ఇంజనీర్లే. ఆ రాయి ముందు కాస్త తప్పు చేసినవాడిలా నిలబడ్డాను.

అసలు చెప్పాలనుకున్నది కలావెవ గురించి. సింహళంలో వెవ అంటే చెరువు. 5వ శతాబ్దంలో ధాతుసేనుడనే రాజు కట్టించాడు. దాన్నుంచి అనురాధపురం దాకా 87 కిలోమీటర్ల కాలువ ఉంది. మొదటి పాతిక కిలోమీటర్లలో వాలు కిలోమీటరుకు పది సెంటీమీటర్లే. మేము ఎత్తుపల్లాలు కొలిచే డంపీ లెవెల్ పెట్టుకుని, రెండుసార్లు రీడింగులు తీసుకుని కూడా పిల్లకాలువల్లో నీళ్ళు వెనక్కి తన్నించిన సందర్భాలున్నాయి. పైగా ఈ కాలువకు ఒకవైపే కట్ట. రెండోవైపు నేల ఎంతదాకా పల్లంగా ఉంటే అంతదాకా నీళ్ళు పరుచుకుంటాయి, కాలువే సగం చెరువు అన్నమాట.

ఇంకొకటి కూడా ఉంది. తూము దగ్గర కట్ట లోపల బావిలా చతురస్రపు గది కడతారు, పేరు బిసోకొటువ. చెరువు నీటి ఒత్తిడి అక్కడ తగ్గి బయటికి వస్తుంది, కట్ట కోసుకుపోదు. బ్రిటిష్‌వాళ్ళ కాలంలో హెన్రీ పార్కర్ అనే ఇరిగేషన్ ఇంజనీరు ఇది ఇప్పటి వాల్వు లాంటిదేనని గుర్తించాడు. పాఖాల చెరువు మీద అంత తిరిగిన నేను ఇది చూసి నోరెళ్ళబెట్టాను. నీకు ఇదంతా బోరని తెలుసు. అయినా రాస్తాను, ఉత్తరం మధ్యలో కట్ చేయలేవు కదా.

ధాతుసేనుడి కొడుకు కాశ్యపుడు. మనం సీగిరియా అని చూసే ఆ పెద్ద బండ మీద కోట కట్టినవాడు. వాళ్ళ వంశ చరిత్రలో ఉన్న కథ ఇది. తండ్రిని జైల్లో పెట్టి, దాచిన ధనం చూపించమన్నాడు. ముసలాయన తనను కలావెవకు తీసుకెళ్ళమన్నాడు. చెరువులో దిగి మునిగాడు, నీళ్ళు తాగాడు, చూపించి "నా ఆస్తంతా ఇదే" అన్నాడు. ఆయన్ని గోడలో పెట్టి మట్టితో మూసేశారు. కట్ట కట్టేటప్పుడు ధ్యానం లోంచి లేవని ఒక భిక్షువు మీద మట్టి పోయించిన పాపమే ఇలా తిరిగొచ్చిందని కూడా రాసుకున్నారు. భూసేకరణ గొడవలు అప్పుడూ ఉన్నాయన్నమాట!

డ్రైవర్ ఈ కథ కట్ట మీదే చెప్పాడు. అమ్మ అంతా విని, "ఆ పిల్లాడి తల్లి ఏం చేస్తోంది మరి?" అని అడిగింది. అతని దగ్గర జవాబు లేదు.

సీగిరియా ఎక్కాం. మెట్లు పన్నెండు వందలు. అమ్మ దారిలో ఉన్న రాతి సింహం పంజాల దగ్గరే ఆగిపోయింది, మోకాళ్ళు. నేను పైదాకా వెళ్ళాను, టెన్షన్ పడకు, మెల్లగానే. నునుపు గోడ మీద వెయ్యేళ్ళకు పైబడిన రాతలున్నాయి, చూడ్డానికొచ్చిన జనం ఆ బండ మీద రంగులతో గీసిన బొమ్మల్లోని ఆడవాళ్ళ గురించి రాసుకున్న పద్యాలు. పరణవితాన అనే పండితుడు 685 చదివి అచ్చు వేశాడు. మన వరంగల్ కోటలో రాళ్ళ మీద గీకేవాళ్ళకు ఆ పాటి భాష వచ్చినా బాగుండు. ఇంకో పాత రాజధాని పొలన్నరువ ఒక్కపూటలో చూసేశాం, ఎండకు తట్టుకోలేక. ఇక్కడ క్యాండీలో హోటల్ ఎదురుగా కూడా చెరువే. 1807లో చివరి రాజు తవ్వించాడు. ఆయన మధురై నాయకుల బంధువర్గం, అంటే మూలాలు తెలుగువే. ఇంగ్లీషువాళ్ళు పట్టుకెళ్ళి వేలూరులో పెడితే అక్కడే పోయాడు.

పోయిన నెల చెరువు కింది ఎకరంన్నర అమ్మేద్దామన్నావు. నేను కోపంగా ఫోన్ పెట్టేశాను, తప్పే. అమ్మొద్దని ఇప్పుడూ అనడం లేదు. రేటు బాగుంది, నీ లెక్క కూడా సరైనదే. కానీ ఉగాదికి వచ్చినప్పుడు కాగితాల కన్నా ముందు నాతో ఒకసారి కట్ట మీదికి రా. నీకు ఎనిమిదేళ్ళప్పుడు మత్తడి దుంకుతుంటే నా భుజాల మీద కూర్చుని చూశావు, గుర్తుందో లేదో. తూము నుంచి మన మడి దాకా నీళ్ళు ఎలా వస్తాయో ఈసారి నడిచి చూద్దాం. తర్వాత సంతకం ఎక్కడ పెట్టమంటే అక్కడ పెడతాను.

ఇక్కడ గేదె పెరుగు మట్టి ముంతల్లో అమ్ముతారు, పైన తాటిబెల్లం పాకం లాంటిది పోసుకుని తింటారు. అమ్మ ఖాళీ ముంతలు రెండు కడిగి, చీరల మధ్య చుట్టి సూట్‌కేసులో పెట్టింది. ఒకటి నీకట. విమానంలో పగలకుండా వస్తే చూద్దాం.

మీ నాన్న