కొత్త జైలు నక్షాలో ములాఖత్ గదికి చోటెంత?

సంపాదకులకు నమస్కారం.

వరంగల్ నడిబొడ్డున నిజాం కాలంలో కట్టిన కేంద్ర కారాగారాన్ని సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి కోసం 2021లో ఖాళీ చేయించి, ఖైదీలను హైదరాబాద్ దగ్గరి చర్లపల్లితో సహా వేర్వేరు జైళ్లకు తరలించిన సంగతి, కొత్త జైలుకు వరంగల్ శివారులోని మామునూరులో స్థలం చూపిన సంగతి మీ పాఠకులకు తెలిసినవే. ఆసుపత్రి అవసరాన్ని ఎవరూ కాదనరు. కానీ ‘ఆధునిక జైలు’ అనగానే సీసీ కెమెరాలు, జామర్లు, ఎత్తయిన గోడలు తప్ప మరొకటి మన చర్చల్లోకి రాకపోవడం విచారకరం.

జైలు ఎవరి కోసం కడుతున్నామో ముందు చూడాలి. జాతీయ నేర గణాంకాల సంస్థ 2022 లెక్కల ప్రకారం దేశంలోని ఖైదీల్లో 75.8 శాతం మంది విచారణ ఖైదీలే, అంటే నేరం ఇంకా రుజువు కానివారే. వకీలుతో నాలుగు మాటలు మాట్లాడటం, వాయిదాకు కోర్టులో హాజరు కావడం, ఇంటివాళ్ల ముఖం చూడటం వీరికి అన్నిటికన్నా ముఖ్యం. వృత్తిరీత్యా జైళ్లకు వెళ్లే నాకు ఒక ములాఖత్ గది బాగా గుర్తు. రెండు వరుసల ఇనుప జాలీ, మధ్యలో మూరెడు ఖాళీ. ఇటు పది కుటుంబాలు, అటు పదిమంది ఖైదీలు ఒకేసారి అరుస్తుంటే ఎవరి మాటా ఎవరికీ వినబడదు. చంకలోని బిడ్డను తండ్రికి చూపించడానికి ఒక తల్లి జాలీకి ఆనించి ఎత్తి పట్టుకుంది. విడివిడి క్యాబిన్లు, అద్దం, మంచి ఇంటర్‌కమ్, వకీళ్లకు వేరే గది ఏర్పాటు చేయడానికి కోట్లేమీ అక్కర్లేదు, నక్షా గీసేనాడే ఆలోచన ఉంటే చాలు. ఇక ఏటూరునాగారం నుంచి హనుమకొండ రావడమే ఒక ప్రయాణమైన మనిషి అక్కడినుంచి చర్లపల్లి దాకా వెళ్లి పది నిమిషాల ములాఖత్ చేసుకుని రావాలంటే ఆ రోజు కూలీ పోయినట్టే.

బ్యారక్‌ల విషయంలో కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు. ఒక బ్యారక్‌లో ఇరవై మందికి మించరాదనీ, పడుకునే చోట మనిషికి 3.71 చదరపు మీటర్లు ఉండాలనీ, రాత్రివేళ పదిమందికి ఒక మరుగుదొడ్డి ఉండాలనీ 2016 నాటి నమూనా జైలు నియమావళిలోనే ఉంది. అయితే 2022 చివరికి దేశంలోని జైళ్లలో వందమంది ఉండాల్సిన చోట 131 మంది ఉన్నారు కనుక కాగితం మీది కొలతలు నిలబడవు. కాబట్టి రద్దీ పెరుగుతుందని ముందే లెక్కవేసి మరుగుదొడ్లు, నీళ్లు, గాలి మార్గాలు కొంత ఎక్కువగానే కట్టుకోవాలి. మే నెలలో వరంగల్ ఎండ ఎలా ఉంటుందో ఇక్కడివారికి చెప్పనక్కర్లేదు. సాయంత్రం లాకప్ పడ్డాక తెల్లవారేదాకా తలుపు తెరవని గదికి తక్కువ ఎత్తు కాంక్రీటు స్లాబు వేస్తే అది శిక్ష మీద శిక్ష. పాతకాలపు మందపాటి గోడలు, ఎత్తయిన పైకప్పు, చుట్టూ వరండా ఎందుకు ఉండేవో మన ఇంజనీర్లు ఒక్కసారి ఆలోచిస్తే బాగుండును.

నార్వేలో 2010లో తెరిచిన హాల్డెన్ జైలును చూపి, కిటికీలకు చువ్వలు లేని అలాంటి జైలు మనకూ కావాలనేవారున్నారు. మన బడ్జెట్‌కు అది అందదు. కానీ అక్కడ సిబ్బంది తమ గదుల్లో కూర్చుండిపోకుండా ఖైదీల మధ్య తిరగాలని ఆ గదులను కావాలనే చిన్నవిగా కట్టారు, దానికి మాత్రం డబ్బుతో పనిలేదు. మన వార్డర్ల డ్యూటీ గదులు, క్వార్టర్లు ఎంత హీనంగా ఉన్నాయో ఎవరూ రాయరు. కొత్త నక్షాలో వాటినీ చూడాలి.

మామునూరు పనులు ఏ దశలో ఉన్నా, జైళ్ల శాఖ ఆ నక్షాను ప్రజల ముందు పెట్టి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ, బార్ అసోసియేషన్, ఎంజీఎం ఆసుపత్రి వైద్యుల అభిప్రాయాలు తీసుకోవాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. గేటు దాకా ఆర్టీసీ బస్సు, ఎండావానల్లో ములాఖత్ కోసం వేచివుండేవాళ్లకు ఒక షెడ్డు, తాగునీరు కూడా ఆ నక్షాలోనే చేర్చాలి.

ఇట్లు,
ఒక న్యాయవాది, హనుమకొండ