కొంగమెడ రెండు

జగిత్యాల
21 ఫిబ్రవరి 2021, ఆదివారం

ఒరేయ్ రికార్డు వీరుడా,

నీ ఉత్తరం డిసెంబరు రెండో వారంలో అందింది. జవాబు ఇప్పుడు రాస్తున్నాను. మధ్యలో రెండుసార్లు మొదలుపెట్టి చింపేశాను, మూడోదాన్ని పాప పడవ చేసి బకెట్లో వదిలింది. తిట్టాల్సినవన్నీ ముందే తిట్టేసుకుని అప్పుడు చదువు. ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావేమో. ఫోనంటేనే వెగటు పుట్టిందిరా. కరోనాతో బడి మూసేసి టీవీ పాఠాలు పెట్టాక, సెప్టెంబరు నుంచి పొద్దున లేస్తే ఎంతమంది టీవీలో పాఠం చూశారు, ఎంతమంది ఫోన్లో చూశారు, ఎంతమంది చూడలేదు... ఈ మూడు గడులు నింపడమే నా ఉద్యోగం అయిపోయింది.

అమ్మ మోకాళ్లు అలాగే ఉన్నాయి. పాప ఒకటో తరగతి మొత్తం మ్యూట్‌లోనే అయిపోయేలా ఉంది. మొన్న "టీచర్‌కు కాళ్లుంటాయా నాన్నా?" అని అడిగింది. ఇంట్లో అందరం బాగున్నాం. అంతే వార్తలు.

అసలు సంగతికి వస్తాను. ఇరవై రోజులుగా కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను, ఇక్కడ చెప్పుకుంటే స్టాఫ్ రూములో పరువు పోతుంది.

1వ తారీఖున బడి తెరిచారు కదా, తొమ్మిది, పది తరగతులకే. గదికి 20 మంది మించకూడదు, తల్లిదండ్రులు సంతకం పెట్టిన అంగీకార పత్రం తెస్తేనే లోపలికి. పొద్దున్నే గేటు దగ్గర నేను, పీఈటీ సారు నిలబడ్డాం. ఆయన నుదుటి దగ్గర థర్మామీటర్ పెడతాడు, నేను కాగితాలు తీసుకుంటాను. మాస్కుల వెనక ఎవరు ఎవరో తెలియదు. మార్చిలో నా భుజం దాకా ఉన్న పిల్లలు నన్ను దాటిపోయారు. ఒకడు "నమస్తే సార్" అన్నాడు, గొంతు వాళ్ల నాన్నది అనుకున్నాను.

అందులో మా పదిహేడో నంబరు వాడూ వచ్చాడు. పేరు రాయను, ఈ కాగితం ఎవరి చేతిలో పడుతుందో ఏమో. నాకు అప్పగించిన పిల్లల జాబితాలో వాడి వరుస అది. వాడి గురించి నీకు అక్టోబరులో ఫోన్లో ఒకటే గొప్పగా చెప్పాను, గుర్తుందా? "నా క్లాసులో ఒక వజ్రం దొరికిందిరా" అన్నాను, నువ్వు "తాకట్టు పెట్టు, నా అద్దె కట్టు" అన్నావు. ఆ వజ్రమే.

సెప్టెంబరు 1న ప్రభుత్వ టీవీల్లో, అంటే టీ-శాట్‌లో, యాదగిరి ఛానెల్లో పాఠాలు మొదలైనప్పుడు మా ఊళ్లో సగం మంది పిల్లలు నాలుగు రోజులు చూసి వదిలేశారు. టీవీ లేనివాళ్లను పంచాయతీ ఆఫీసులో కూర్చోబెట్టి చూపించమన్నారు. అక్కడ టీవీ ఉంది, పిల్లలే లేరు. వీడు మాత్రం రోజూ రాత్రి తొమ్మిదింటికల్లా వర్క్‌షీట్ ఫోటో తీసి పంపేవాడు. మొదటి వారం తర్వాత ఒక్క రోజు తప్పలేదు. అంతకు ముందు ఏడాది వీడు లెక్కల్లో పాసైతే చాలని నేను దండం పెట్టుకున్నవాడే సుమా! ఇంట్లో కూర్చుంటే బుద్ధి వచ్చిందనుకున్నాను.

ఒక లెక్క చెప్తాను, నువ్వూ లెక్కల మాస్టారివే కదా, విను. 5 నోటుబుక్కులు, 3 పెన్నులు కలిపి 130 రూపాయలు. 3 నోటుబుక్కులు, 5 పెన్నులు కలిపి 110. ఒక్కొక్కటి ఎంత? రెండు చరరాశుల పాఠం. నువ్వయినా నేనయినా ఏం చేస్తాం? ఎక్స్ అనుకుంటాం, వై అనుకుంటాం, ఒకదాన్ని మూడుతో, ఇంకోదాన్ని అయిదుతో గుణించి తీసేస్తాం. వాడు పంపిన కాగితంలో ఎక్సూ లేదు, వై కూడా లేదు. రెండు బిల్లులు కలిపితే 8 బుక్కులు, 8 పెన్నులు, 240. అంటే ఒక బుక్కు, ఒక పెన్ను జత 30. మూడు జతలు 90. మొదటి బిల్లులో 130కి ఇంకా మిగిలింది 40, మిగిలిన బుక్కులు రెండు. బుక్కు 20, పెన్ను 10. నాలుగు లైన్లు!

నేను ఆ ఫోటోను క్లాసు గ్రూపులో పెట్టి "ఇలా ఆలోచించాలి" అని రాశాను. హెడ్మాస్టరుకు చూపించాను. ఆయన పైకి పంపాడు. ఇప్పుడు అర్థమైంది కదా నేనెక్కడ ఇరుక్కున్నానో.

1వ తారీఖు మూడో పీరియడ్. అదే లెక్క అంకెలు మార్చి బోర్డు మీద వేసి "రారా" అని వాణ్ణి పిలిచాను. వచ్చాడు, చాక్‌పీసు పట్టుకున్నాడు. గోళ్లలో నల్లగా గ్రీజు. బోర్డు వైపు తిరిగి అలాగే నిలబడ్డాడు. సిగ్గేమో అనుకుని "ఆ రెండు బిల్లులూ కలుపు" అని అందించాను. కలపడం మొదలుపెట్టాడు. 2 వేశాడు. మామూలు 2. అప్పుడు ఏదో గుచ్చుకుంది గానీ, ఏమిటో తెలియలేదు. కూడిక దగ్గరే తడబడి "మర్చిపోయిన సార్" అని వెళ్లి కూర్చున్నాడు.

సాయంత్రం స్టాఫ్ రూములో అంగీకార పత్రాలు కట్ట కడుతుంటే కనబడింది. వాడి పత్రంలో, తల్లి సంతకం కింద, తేదీ. 1-2-2021. ఆ రెండు అంకె కొంగ మెడలా పైకి వంగి, కింద తోక చుట్టుకుని ఉంటుంది. అయిదు నెలలు రోజూ రాత్రి తొమ్మిదింటికి నా ఫోనుకొచ్చిన రెండు అదే! పాత ఫోటోలు తీసి చూశాను. ప్రతి కాగితం మూలన ఒక గోధుమరంగు మరక, ఒకదాంట్లో కాగితం ఎగిరిపోకుండా పెట్టిన కత్తెర. అన్ని రోజులూ అవి నా కళ్ల ముందే ఉన్నాయి. నేను జవాబు చూసి టిక్కు పెట్టి పంపాను.

ఇక్కడ నువ్వు నవ్వుతావని తెలుసు. బీఈడీలో నీ లెసన్ ప్లాన్ రికార్డు మొత్తం మీ అక్క రాస్తే, వైవాలో ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ "దస్తూరి ముత్యాల్లా ఉంది" అని మెచ్చుకున్నప్పుడు నీ మొహం... సరే సరే, ఎవరికీ చెప్పను. కానీ అదొకటి గుర్తొచ్చే వాడిమీద అరవలేకపోయాను. మర్నాడు సాయంత్రం వాళ్ల ఇంటికి వెళ్లాను.

నేను ఆ గడప తొక్కడం అదే మొదటిసారి. అంతకు ముందు వాణ్ణి గురించి నాకు తెలిసిందంతా ఫోను నంబరే.

వాళ్లమ్మ వసారాలో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. పక్కన నానబెట్టిన ఆకు తడిగుడ్డలో. నన్ను చూసి లేవబోయింది, వద్దన్నాను. నేను నోరు తెరవకముందే ఆమే అంది: "నేనే రాసిన సారూ. తప్పయితే తిట్టుండ్రి."

భర్త దుబాయిలో ఉన్నాడు. కిందటి ఏప్రిల్ నుంచి కంపెనీ సరిగ్గా జీతం ఇవ్వక, తిరిగి రావడానికి టికెట్ డబ్బుల్లేక అక్కడే ఇరుక్కున్నాడు. వీడు మెట్‌పల్లి రోడ్డు మీద బైకు మెకానిక్ షెడ్డులో చేరాడు, పొద్దున పోతే రాత్రికి రావడం. "మొదటి వారం పోరడు రాయలే. మీరు ఫోన్ చేసి గట్టిగ అడిగిన్రు కదా సారూ. పేరు కొట్టేస్తరని భయమై నేనే కూసున్న" అంది. అంటే దీనంతటికీ మూలం నా ఫోనే. ఆ రోజు అరిచినందుకు నన్ను నేను మెచ్చుకున్నాను కూడా, డిసిప్లిన్ వచ్చిందని.

ఆమె ఏడో తరగతి దాకా చదివింది. "అటెనుక చేతికి ఆకు ఇచ్చిండ్రు" అంది, అంతే. టీవీ పెట్టుకుని బీడీలు చుడుతూ పాఠం వినేదట. చేతులకు చూపుతో పని లేదు కదా! నేను అక్కడున్నంతసేపూ చూశాను. మాట్లాడుతూనే ఆకు అందుకుంటుంది, తంబాకు పోస్తుంది, చుట్టి కొన మడిచి దారం తిప్పుతుంది, ఒక్కసారి కిందికి చూడలేదు. "టీవీ సారు మంచోడే గానీ ఆగడు సారూ. నాకు తెలియలే అంటే ఆయనకు వినవడది కదా. మల్ల రాత్రి పోరని పుస్తకం ముందట వేసుకుని చూసేదాన్ని."

మరి ఎక్స్, వై ఎందుకు వేయలేదమ్మా అని అడిగాను. నవ్వింది. "బుక్కులు, పెన్నులని తెలిసినంక మల్ల ఎక్స్ అనుడు ఎందుకు సారూ?"

నా దగ్గర జవాబు లేదురా. పదకొండేళ్లుగా చెబుతున్నాను ఆ పాఠం.

బీడీలు చుట్టించే టేకేదారు తూకంలో మోసం చేస్తాడట. ఎంత ఆకు ఇచ్చాడు, ఎంత తంబాకు ఇచ్చాడు, వెయ్యికి ఎన్ని తీసేశాడు, అన్నీ మనసులోనే కలుపుకోవాలి. అదే అలవాటు. పుస్తకంలో లెక్క కనబడితే టేకేదారే కనబడ్డాడన్నమాట ఆమెకు.

ఇంతలో వాడు వచ్చాడు. గుమ్మంలో నన్ను చూసి అక్కడే ఆగిపోయాడు. తిట్టడానికి నోరు రాలేదు. వచ్చేటప్పుడు నా బండి స్టార్ట్ కాకపోతే ప్లగ్గు ఊడదీసి, లుంగీకి తుడిచి, రెండు నిమిషాల్లో చేసిచ్చాడు. వాడికేమీ రాదని నేనెలా అనను? కానీ వాడికి కూడికా రావడం లేదు, అదీ నిజమే. పదో తరగతిరా! ఈసారి 11 పేపర్లు 6 చేశారు, సిలబస్ 70 శాతమే, మే 17 నుంచి పరీక్షలు. ఏం తగ్గించినా వాడు తొమ్మిదో తరగతి మార్చిలోనే ఆగిపోయి ఉన్నాడు. పోయినేడు మూడు పేపర్లు రాశాక పరీక్షలు ఆపేసి, జూన్‌లో 5 లక్షల 34 వేల మందినీ పాస్ చేశారు. ఈ ఏడూ అలాగే చేస్తారేమోనని పిల్లలు ధైర్యంగా ఉన్నారు. నాకే టెన్షన్.

ఒక వాడే కాదు. గదిలో ఉన్న పద్దెనిమిది మందిలో నిజంగా పాఠాలు చూసినవాళ్లు నలుగురు. నా రిపోర్టులో పదహారు. ఆ పన్నెండు మందిని నేను... ఇది తర్వాత మాట్లాడుకుందాం, ఇప్పుడు రాయలేను.

నీకు ఈ మాటలు చెబుతుంటే ఒక పక్క సిగ్గుగానే ఉందిరా. మార్చి నుంచి మే దాకా సగం జీతం ఇచ్చారని నేను నీ దగ్గర ఏడ్చాను. అప్పటికి మీ బడివాళ్లు నీకు రూపాయి ఇవ్వలేదు. నువ్వు ఆ మాట నాతో అనలేదు, మీ బావగారి పచ్చళ్ల షాపులో సీసాలకు లేబుళ్లు అంటిస్తున్నావని వేరేవాళ్లు చెబితే తెలిసింది. ఇప్పుడైనా పిలిచారా? తొమ్మిది, పదికి చెప్పేది నువ్వే కదా. పిలిస్తే బకాయి అడుగు, మొహమాటపడకు. ఇందులో పెట్టిన కవరు గురించి ఫోన్ చేసి రాద్ధాంతం చేయకు. మామిడికాయ పచ్చడి రెండు కిలోలు పంపు, సరిపోతుంది.

హెడ్మాస్టరుకు చెప్పాను. గంట సేపు మౌనం. తర్వాత "పైకి పంపిన కాగితం వెనక్కి రాదు, వదిలెయ్" అన్నాడు. వదిలేశాం. పోరణ్ణి మాత్రం మధ్యాహ్నం దాకా బడిలో, తర్వాత షెడ్డులో ఉండేలా వాళ్ల మేస్త్రీతో మాట్లాడి వచ్చాను. కూడిక దగ్గర్నుంచి మొదలుపెట్టాం. వాడికి బిల్లులు తెలుసు, స్పేర్ పార్టుల రేట్లు తెలుసు. అందుకని ఎక్స్ పక్కనపెట్టి బ్రేక్ షూలు, క్లచ్ వైర్లతో...

ఆమెకు ఓపెన్ స్కూల్ సంగతి చెప్పాను. 14 ఏళ్లు దాటినవాళ్లెవరైనా పదో తరగతి పరీక్ష రాయొచ్చు కదా. "ఈ వయసులో నవ్వుతరు సారూ" అంది. నేను లేచి వస్తుంటే వెనకనుంచి అడిగింది, "ఇంగ్లీషు కూడా ఉంటదా?" అని. నీ దగ్గర పాత ఓపెన్ స్కూల్ పుస్తకాలు ఉండాలి, లెక్కలు వద్దు, ఇంగ్లీషు, సైన్సు చూడు. అట్టలు ఊడినా ఫరవాలేదు.

శుక్రవారం మళ్లీ వెళితే గోడకు ఒక క్యాలెండర్ కాగితం అంటించి ఉంది, దాని వెనక ఆమె ఏదో అంకెల శ్రేఢి వేసుకుంది, పెద్ద కొంగమెడ రెండ్లతో. ఎనిమిదో పదం తప్పు. చెబుదామా వద్దా అని ఆలోచిస్తుండగానే ఆమే దాన్ని చూసి నాలిక కరుచుకుని, పెన్సిల్ తీసి

కింద మా బావమరిది హారన్ కొడుతున్నాడు. కరీంనగర్ వస్తున్నాడు, ఇది అతని చేతికే ఇస్తున్నా, పోస్టులో వేస్తే ఇంకో నెల. అక్కకు నమస్కారం చెప్పు, ఏ అక్కో నీకు తెలుసు.

నీ
సగం మార్కుల సారు