షాక్‌కు మిషన్ ఒక్కటే మందు కాదు

సంపాదకుడు గారికి,

గుండెపోటు వచ్చిన మనిషి షాక్‌లోకి జారి, అంటే గుండె రక్తాన్ని తోయలేక బీపీ పడిపోయి, చనిపోతే "మన దగ్గర ఆ మిషన్ ఉంటే బతికేవాడు" అంటారు. ఏ మిషన్ అని ఎవరూ అడగరు.

తొడ రక్తనాళం గుండా బృహద్ధమనిలోకి, అంటే గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళంలోకి ఎక్కించి, హీలియంతో ఉబ్బించి ముడిచే బెలూన్ పంపు ఒకటి. 2012లో జర్మనీలో 600 మందిపై పరీక్షించారు. నెలలోపు మరణాలు పంపు పెట్టినవారిలో 39.7 శాతం, పెట్టనివారిలో 41.3. తేడా లేనట్టే. రక్తాన్ని బయటికి తీసి ఆక్సిజన్ కలిపి తిరిగి ఒంట్లోకి పంపే ఎక్మో సంగతీ 2023లో అంతే తేలింది, పైగా రక్తస్రావాలు రెట్టింపు దాటాయి. 2024లో మాత్రం గుండె గదిలోకి దించే ఇంపెల్లా పంపుతో ఆరు నెలల మరణాలు 58.5 నుంచి 45.8 శాతానికి తగ్గాయి. అయితే గుండె ఆగి స్పృహ రానివారిని అందులో చేర్చుకోలేదు. డయాలసిస్ అవసరమైనవాళ్లు 27 శాతం నుంచి 42కు పెరిగారు.

పంపు పెట్టాక అసలు పని మొదలు. పాదంలో నాడి గంట గంటకూ చూడాలి. కాలు చల్లబడి పాలిపోయిందంటే గొట్టం ధమనిని మూసేసినట్టే. బెలూన్ గ్యాస్ గొట్టంలో గోధుమరంగు పొడి కనిపిస్తే బెలూన్ చిల్లిపడిందని అర్థం, వెంటనే ఆపి తీసేయాలి. సిలిండర్‌లో హీలియం అయిపోయి బెలూన్ అరగంట కదలకుండా ఉంటే దానిమీద గడ్డ కడుతుంది. రాత్రి రెండింటికి ఇవి చూసే మనిషి లేనిచోట మిషన్ కొనడం దండగ.

ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలకు కావలసింది అంతకు ముందరి పని. పైబీపీ అరగంటపాటు 90 దాటకపోవడం, చేతులూ కాళ్లూ చల్లబడి చెమటలు పట్టడం, మూత్రం గంటకు 30 మిల్లీలీటర్లకు తగ్గడం, ఒంటికి రక్తం చాలనప్పుడు పెరిగే లాక్టేట్ రక్తపరీక్షలో 2 దాటడం: షాక్ అంటే ఇదే. గుండెపోటుకు అలవాటుగా ఇచ్చే మెటోప్రొలాల్, నైట్రోగ్లిజరిన్ మందులు ఈ స్థితిలో బీపీని ఇంకా కిందికి లాగుతాయి. కావలసింది బీపీ పెంచే నార్ అడ్రినలిన్. 4 మిల్లీగ్రాములు 50 మిల్లీలీటర్లలో కలిపితే 60 కిలోల మనిషికి గంటకు నాలుగున్నర మిల్లీలీటర్లు, అంటే కిలోకు నిమిషానికి 0.1 మైక్రోగ్రాము. చుక్కలు లెక్కపెట్టి ఇచ్చే మందు కాదది, గతుకుల్లో చుక్కలు తప్పుతాయి. బ్యాటరీతో నడిచే సిరంజి పంపు అంబులెన్సులో ఉండి తీరాలి.

మూసుకున్న గుండె రక్తనాళాన్ని త్వరగా తెరవడమే ప్రాణం నిలిపేది. గడ్డ కరిగించే ఇంజెక్షన్ షాక్‌లో సరిగా పనిచేయదు, బీపీ లేనిచోట మందు గడ్డదాకా చేరదు. అయినా దేవరకొండ, అచ్చంపేటల నుంచి, సన్నని గొట్టంతో నాళాన్ని తెరిచే క్యాథ్‌ల్యాబ్ చేరడానికి రెండు గంటలు దాటేటట్టుంటే అదే ఇచ్చి పంపాలి. అంబులెన్సు కదిలిన నిమిషంలోనే క్యాథ్‌ల్యాబ్‌కు ఫోన్ వెళ్లాలి, ఈసీజీ వాట్సాప్‌లో ముందే చేరాలి.

గుండె పంపులు కొనేదుంటే హైదరాబాద్‌లో రాత్రింబవళ్లు పనిచేసే రెండు మూడు పెద్ద ఆసుపత్రులకే కొనండి. ఎందరికి పెట్టారు, ఎందరు బతికారు, ఎన్ని కాళ్లు పోయాయి అన్నది ఏటా ప్రకటించండి.

- ఒక పాఠకుడు, నల్లగొండ