దసరా చీరలు ఆలస్యం అవుతున్నాయి, కారణం ఇదీ

నమస్కారమండీ. దసరాకి కలంకారీ చీరలు బుక్ చేసుకున్న 19 మందికి ముందుగా ఒక మాట. చీరలు పండక్కి అందవు. దీపావళికి వారం ముందు అందుతాయి. దుపట్టాలు, బ్లౌజు ముక్కలు మాత్రం చెప్పిన రోజుకే పంపిస్తాం. అన్నాళ్ళు ఆగలేమనుకున్నవాళ్ళు ఫోన్ చేయండి, అడ్వాన్సు మొత్తం ఆ రోజే వెనక్కి వేసేస్తాను.

వానలు, ఎండ లేదు అని రాసేసి ఊరుకుందామనుకున్నాను. అబద్ధమేమీ కాదు, గుడ్డ ఆరకపోతే మా పని ముందుకు సాగదు. కానీ అసలు సంగతి వేరే ఉంది.

షాపు తిరుపతిలో ఉన్నా పని జరిగేది శ్రీకాళహస్తిలో. అక్కడ మా చీరల మీది బొమ్మలకి మొహాలు గీసే అమ్మాయి ఒకతె ఉంది. మొహం, అందులోనూ కళ్ళు, అందరి చేతికీ లొంగవు. ఇంటర్ తప్పి వాళ్ళమ్మ వెనకాల వచ్చింది. మొదటి ఆరు నెలలూ పాత పేపర్ల మీద చింతబొగ్గుతో గీతలు గీయడమే. పేరు పెట్టి పిలిస్తే ఉలిక్కిపడేది. ఇప్పుడైతే నేను తొందరపడి ఆర్డరు ఒప్పుకుంటే "అది అయ్యే పని కాదన్నా" అని మొహం మీదే చెబుతుంది.

వినాయక చవితి మర్నాడు వచ్చి, "ఇకనుంచి ఆదివారాలు రానన్నా. మా ఊరి పిల్లలకి కలం పట్టడం నేర్పుతా" అంది. సీజన్‌లో మాకు ఆదివారమనేదే ఉండదు. దసరా అయ్యాక మొదలుపెట్టమ్మా అన్నాను. "దసరా సెలవుల్లో రోజూ పెడదామనుకుంటున్నానన్నా" అంది. నాకు ఒళ్ళు మండింది. రెండు రోజులు ఆ పిల్లతో సరిగ్గా మాట్లాడలేదు కూడా. ఐదేళ్ళు నేర్పింది ఇందుకా అనిపించింది.

కోపం చల్లారాక మా గురువుగారు గుర్తొచ్చారు. 1950ల నాటికి కాళహస్తిలో ఈ పని తెలిసినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే మిగిలారట. చేతివృత్తుల్ని నిలబెట్టడానికి పాటుపడిన కమలాదేవి చటోపాధ్యాయ గారు పూనుకోబట్టి ఆ దశాబ్దం చివర్లో అక్కడ ప్రభుత్వ శిక్షణ కేంద్రం వచ్చింది. జొన్నలగడ్డ లక్ష్మయ్య గారు కుర్రాళ్ళకి నేర్పారు. ఆయన కొడుకు గురప్పశెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. మా గురువుగారు ఆ కేంద్రంలో చదివిన ఒకాయన శిష్యుడు. నా దగ్గర పైసా పుచ్చుకోలేదు, తిట్లు మాత్రం ధారాళంగా పెట్టారు. మరి నేను? నేర్పినవాళ్ళందరూ నా దగ్గర పని చేసేవాళ్ళే. నా ఆర్డర్ల కోసం నేర్పాను. ఈ పిల్లకి ఆ లెక్క కూడా లేదు.

మూడో ఆదివారం చూడ్డానికి వెళ్ళాను. బడి వరండాలో 14 మంది పిల్లలు. కలమంటే సన్నటి వెదురు పుల్ల, మొనకి కాస్త పైన గుడ్డ చుట్టి దారంతో కడతాం. ఆ చుట్టని నొక్కితే రంగు దిగుతుంది. ఎంత నొక్కాలన్నది చేతికి తెలియాల్సిందే, చెబితే వచ్చేది కాదు. ఒక కుర్రాడు దాన్ని బాల్‌పెన్నులా బిగించి పట్టుకున్నాడు. ఇనప తుక్కు, బెల్లం నీళ్ళలో పులియబెట్టిన రంగు అది. కరక్కాయ, పాలలో తడిపి ఆరేసిన గుడ్డ మీద పడిందంటే నల్లగా పట్టేస్తుంది, ఇక చెరిపేది ఉండదు. సరిగ్గా నెమలి పక్కన ఇంత చుక్క పడింది. వాడి కళ్ళలో నీళ్ళు.

నేను కొత్త ముక్క తీసి ఇవ్వబోతే ఆ అమ్మాయి వద్దని సైగ చేసింది. "దాని పక్కన ఇంకోటి పెట్టరా" అంది. పెట్టాడు. మళ్ళీ ఇంకోటి. గంటకల్లా నెమలి చుట్టూ చుక్కల అంచు తేలింది. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, ఓ మూల రెండు కలిసిపోయాయి. నేను వెళ్ళొస్తానని చెప్పినా వాడు తలెత్తలేదు.

వ్యాపారి బుద్ధి ఎక్కడికి పోతుంది? ఆ ముక్కలకి ఫ్రేములు కట్టించి షాపులో పెడదాం, వచ్చిన డబ్బు పిల్లల రంగులకే ఇద్దాం అన్నాను. ఒప్పుకోలేదు. "జాలిపడి కొంటారన్నా. వాళ్ళకి చెయ్యి తిరిగాక అమ్ముదువులే" అంది. కాబట్టి ఎవరూ అడగొద్దు, అవి అమ్మకానికి లేవు.

ధరలు పెంచట్లేదు. మొహాలు గీసే మనిషి ఒక్కతే ఉన్నప్పుడు 19 చీరలు ఒప్పుకోవడం నా తప్పు. ఆ పిల్ల అప్పుడే చెప్పింది, నేనే వినలేదు. వచ్చే ఏడాది పండక్కి మూడు నెలల ముందే బుకింగ్ ఆపేస్తాను.

ఇంకొకటి. ఆదివారాలు పొద్దున ఫోన్ ఎత్తకపోతే ఏమీ అనుకోకండి. పిల్లల గుడ్డలు కరక్కాయ పాలలో తడిపి ఆరేసే పని నాకు అప్పజెప్పారు. ఆ చేతులతో ఫోన్ ముట్టుకుంటే సాయంత్రం దాకా వాసన వదలదు.